రాతి మీద కోక

మా ఆయన అన్నం కుడిచేత్తో తినేవారు, బొమ్మ ఎడమచేత్తో గీసేవారు. రాతి మీద గీసిన బొమ్మ కాగితం మీదికి తిరగబడి దిగుతుంది. కుడివైపు కనిపించాల్సినదంతా ఎడమవైపు గీయాలి. "సెయ్యి కూడా తిరగబడితే సరికి సరి అయిపోద్ది గదే లచ్చనా," అనేవారు నాతో. హాస్యానికి అన్నారో నిజంగానే అన్నారో నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేరు.

ఆయన పేరు ఎల్లాజీ. పుట్టింది కళింగపట్నంలో, సముద్రాన్ని నమ్ముకున్న ఇంట్లో. కన్న తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి తెప్ప వేసుకుని వెళ్ళి తిరిగి రాలేదు. పెంచింది అక్క అసిరమ్మ, ఆయన పిలుపులో అప్ప. నాకు వదిన. ఆమెకు పెళ్ళయింది గానీ మొగుడు రంగం ఓడెక్కి బర్మా వెళ్ళాడు, అక్కడే ఎవరినో చేసుకున్నాడని కబురొచ్చింది. వదిన ఆ కబురు విని ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని సంతకు వెళ్ళిపోయిందట. ఏడ్చిందో లేదో చూసినవాళ్ళు లేరు.

తమ్ముడికి సముద్రం పడలేదు. తెప్ప ఎక్కితే వాంతులు. ఒడ్డున కూర్చుని తడి ఇసుక మీద పుల్లతో మనుషుల్ని గీసేవాడు. కులంలో అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. విజయనగరంలో ఒక రాతి అచ్చుల ప్రెస్సు ఉండేది. పొగాకు కట్టల మీద, బట్టల తానుల మీద అంటించే బొమ్మ చీటీలు వేసేవారు. అక్కడి పెద్ద పనివాడు కూర్మయ్య తాత వదిన దగ్గర ఎండుచేపలు కొనేవాడు. ఒకనాడు గంపతో పాటు తమ్ముణ్ణి కూడా తీసుకువెళ్ళి ఆయన ముందు నిలబెట్టింది.

"తాతా, ఈడు వల పట్టడు. సున్నం ముక్క పడతాడు. నీకాడ ఎట్టుకో."

"చేపకి తూకం ఉన్నాది. ఈడికేటి తూకమే?" అన్నాడట తాత.

"ఈడూ నా గంపలో సరుకే. కుళ్ళు ఉంటే ఎనక్కి ఇచ్చీ."

అలా ఆయన రాతి పనిలో పడ్డారు. నున్నటి పసుపురంగు రాయి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీస్తారు. రాయిని తడిపి సిరా రాస్తే, తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు గీతకే పట్టుకుంటుంది. కాగితం వేసి నొక్కితే అచ్చు. పని అయిపోయాక ఇసుక పోసి, నీళ్ళు పోసి, ఇంకో రాయి పైన పెట్టి తిప్పి తిప్పి అరగదీస్తే పాత బొమ్మ పోయి కొత్త బొమ్మకు రాయి సిద్ధం. నాకు పెళ్ళయిన కొత్తలో ఆయన ఇదంతా రోలూ పొత్రమూ పెట్టి చూపించారు.

నా పెళ్ళికోక కూడా వదినే కొన్నది. ఎర్రటి నేతకోక, పచ్చటి అంచు. "నువ్వు మా ఇంటికొచ్చిన లచ్చివి. సిరుగు కట్టుకుని రాకూడదు," అన్నది. నాకు పిల్లలు కలగలేదు. ఆ మాట కూడా వదిన ఎప్పుడూ ఎత్తలేదు.

కూర్మయ్య తాత కుర్రతనంలో యానాంలో ఫ్రెంచివాళ్ళ దగ్గర పనిచేశాడు. అక్కడి దొర ఒకడు దేశం వెళ్ళిపోతూ పాత బొమ్మల కాగితాలు ఇచ్చాడట. వాటిలో ఒకటి మా ఆయనకు ఇచ్చాడు. వందేళ్ళనాటి కాగితం. పొడుగు టోపీ పెట్టుకున్న బొజ్జదొర, దొరసాని గౌను ఎత్తిపట్టుకుని బురద దాటుతున్నారు. పక్కన ఒక చాకలామె, బట్టల మూట మోస్తూ వంగిపోయి, వాళ్ళకు దారి ఇవ్వడానికి బురదలోకి దిగి నిలబడింది. మేజోళ్ళు చిరిగి కాలు కనిపిస్తోంది.

"ఇదీ మన రాతి పనేరా," అని చెప్పాడట తాత. "ఆ దేశంలో ఇలాటి బొమ్మలు ఏసి, వారం వారం అమ్మేవోరంట. దుకాణం అద్దాల కాడ జనం నిలబడి నవ్వేవోరంట. రాజు బొజ్జ కూడా ఏసేసినారు. ఏసినోణ్ణి రాజు జైల్లో ఎట్టినాడు."

ఆ జైలు మాట మా ఆయనకు బాగా నచ్చింది. ఒక గీతకు రాజు భయపడ్డాడు కదా అని. కాగితం తెచ్చి గోడకు అంటించారు. వదిన వచ్చినప్పుడు దాని ముందు కూర్చోబెట్టి అంతా చెప్పారు. వదిన దొర బొజ్జ చూసి పకపక నవ్వింది. తర్వాత చాకలామెను చూసింది.

"ఈవిడ్ని అడిగే ఏసినారేటిరా?"

"ఎవుల్ని?"

"ఈ మూట మోసే ఆవిడ్ని. కాలు కనపడతన్నాది గదా."

"అప్పా, నవ్వాల్సింది దొరని సూసి."

"దొరని సూసి నవ్వినాన్లే," అన్నది వదిన, మళ్ళీ ఆ చాకలామె వంకే చూస్తూ.

యుద్ధం రోజులు వచ్చాయి. బియ్యానికి కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు, చివరికి బట్టకూ కంట్రోలు వచ్చింది. దుకాణాల్లో అలమరలు ఖాళీ. కళింగపట్నంలో కొన్ని ఇళ్ళల్లో ఉన్న ఒక్క కోకా ఒకరు విప్పితే ఇంకొకరు కట్టుకుని బయటికి వచ్చేవారు. వదినకు ఉన్నది ఒకే కోక. అది చిరిగితే వల అల్లే దారంతో వల కన్నుల్లా అతుకు వేసుకుంది. ఆ అతుకు లోపలి కుచ్చిళ్ళలోకి పోయేలా కట్టుకునేది. పైకి చూస్తే నిండు కోకే. నెత్తిన గంప, నిటారు నడుము, ఒకరి ముందు చెయ్యి చాపని మనిషి. మా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం నా కోక కట్టుకుని తనది ఉతికి పెరట్లో ఆరేసుకునేది. ఆ అతుకు చూసింది నేనూ, మా ఆయనా.

ప్రెస్సు యజమాని షావుకారు ఉమాపతి గారు. బట్టల వర్తకం ఆయనదే. విజయనగరంలోనూ చీపురుపల్లిలోనూ దుకాణాలు. అందరి అలమరలూ ఖాళీ అయిన రోజుల్లో ఆయన గోదాముకు మాత్రం కొత్త తాళాలు పడ్డాయి. లోపల బట్టల బేళ్ళున్నాయని ఊరందరికీ తెలుసు. ఏటా ఉగాదికి ఖాతాదారులకు లక్ష్మీదేవి పటం వేయించి పంచడం ఆయన దుకాణం ఆచారం. అమ్మవారి పాదాల దగ్గర చేతులు జోడించుకుని ఆయన కూడా ఉండాలి. పార్థివ నామ సంవత్సరం ఉగాదికి ఇంకో కోరిక చేర్చారు.

"ఒరే ఎల్లాజీ, ఈసారి నేను పేదోళ్ళకి బట్టలిత్తన్నట్టు ఎయ్యి. అమ్మోరు సూత్తన్నట్టు ఉండాల."

మా ఆయన ఇంటికి వచ్చి అన్నం కంచం ముందు కూర్చుని ఒక్కరే నవ్వుకున్నారు. "లచ్చనా, యానాం బొమ్మలాటిది నా సేతికొచ్చినాది," అన్నారు.

అచ్చు పడ్డాక మొదటి కాగితం తెచ్చి చూపించారు. పైన లక్ష్మీదేవి. కింద ఉమాపతి గారు. అచ్చంగా ఆయనే. కానీ బొజ్జ బొజ్జలా లేదు, తాడు వేసి బిగించిన బట్టల బేలులా ఉంది. మొలతాడు బేలు తాడులా ఒరుసుకుంటోంది. రెండు వేళ్ళ మధ్య జేబురుమాలంత గుడ్డ పట్టుకుని ఇస్తున్నారు. పుచ్చుకోవడానికి చేతులు చాపి నిలబడ్డ ఆడమనిషి కోక ముందువైపు చిరిగి, వల దారంతో అతుకు వేసి ఉంది.

"ఇది ఒదిన గదా!"

"మరెవులి మొకం తెత్తాను? ఎరగని మొకం నా సేతికి రాదు."

"ఒదినకి సెప్పినావా మావా?"

"ఎందుకే? సూసి నవ్వుతాది."

ఉమాపతి గారికి కోపం వస్తుందని, పని నుంచి తీసేస్తారని, ఊరంతా చెప్పుకుంటుందని ఆయన ఎదురుచూశారు. షావుకారు పటం చేత్తో పట్టుకుని దూరంగా పెట్టి చూశారట, దగ్గరగా పెట్టి చూశారట, బొజ్జ నిమురుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారట. "భలే కుదిరిందిరా! సూడగానే నేనేనని తెలిసిపోతన్నాది! బేలంటే లచ్చి కాదేటిరా?" అని కొత్త తుండుగుడ్డ ఒకటి ఇచ్చారట. కూర్మయ్య తాత మా గుమ్మంలో నిలబడి ఇదంతా చెప్పి, "రాజుకి కోపం వచ్చింది గనక అక్కడ జైలు. ఈడికి నవ్వొచ్చింది. ఇప్పుడేటి సేత్తాడు మావోడు?" అన్నాడు. మా ఆయన ఆ తుండుగుడ్డను మడత విప్పకుండా చూరులో దోపేశారు.

పటాలు ఊళ్ళకు వెళ్ళిపోయాయి.

ఎండలు ముదిరాక వదిన వచ్చి, మిరపకాయలు కొనిపెడతాను రమ్మని నన్ను రైల్లో చీపురుపల్లి సంతకు తీసుకువెళ్ళింది. ఆమె ఎప్పుడూ కూర్చునే చోటుకు ఎదురుగా గంగులు పచారీ కొట్టు. గంప దించుతుండగానే పక్కన చేపలమ్మే తాతమ్మ అందుకుంది.

"ఒలే అసిరమ్మా! షావుకారు గుమ్మంలో సెయ్యి సాపినావంట గదే!"

"ఆడి గుమ్మం తూర్పునుందో పడమరనుందో నాకు తెలీదు. నానేటి సాపడం?"

"తెలీకపోతే పటంలోకి ఎలాగెక్కినావు?" అంటూ గంగులు కొట్టులోంచి పటం మేకు నుంచి తీసుకుని మరీ వచ్చాడు. "ఇదిగో, పసుపూ కుంకం ఎట్టి పూజ సేత్తన్నాం నీకు."

వదిన చెయ్యి కోకకు తుడుచుకుని పటం అందుకుంది. ముందు షావుకారు బొజ్జ చూసింది. నవ్వింది. నిజమైన నవ్వే. "మా తమ్ముడే ఏసినాడు. ఆడి బొజ్జ సూడే, బేలు కట్టినట్టు కట్టినాడు!" అని తాతమ్మకు చూపించబోయింది. అప్పుడు పక్కనున్న ఆడమనిషి మీద కన్ను పడింది. మొహం చూసింది. కోక చూసింది. ఆమె చెయ్యి తనకు తెలీకుండానే కిందికి జారి, తన కుచ్చిళ్ళను పట్టుకుంది.

"ఓలమ్మో, అతుకు కూడా ఏసినాడు!" అన్నది తాతమ్మ. "నిజంగా ఉన్నాదేటే? ఏదీ, సూడనీ." వంగి, నవ్వుతూ, వదిన కుచ్చిళ్ళ మీద చెయ్యి వేసింది.

తాతమ్మ చెడ్డది కాదు. ఆమె కట్టుకున్నదీ అతుకుల కోకే. కానీ అది అందరికీ కనిపించే అతుకు.

వదిన గంప ఎత్తుకుంది. ఒక్క చేప అమ్మకుండా సంత నుంచి రావడం ఆమె జన్మలో అదే మొదలు. రైల్లో కూర్చున్నంతసేపూ ఆ చెయ్యి కుచ్చిళ్ళ మీద నుంచి తీయలేదు. నేను మాట్లాడించబోయాను. కిటికీ వంక తిరిగింది.

ఆయన ప్రెస్సు నుంచి వచ్చేసరికి వదిన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏటప్పా, సెప్పకుండా వచ్చీనావు? లచ్చనా, అప్పకి అన్నం ఎట్టినావా?"

"ఒరే తమ్ముడూ," అన్నది. గొంతు ఎత్తలేదు. "షావుకారు బొజ్జ ఆడే ఈది ఈదీ మోసుకు తిరుగుతాడు. అది అందరికీ తెలుసు. నా అతుకు ఎవులికి తెలుసురా?"

ఆయన కళ్ళు గోడ మీది యానాం కాగితం మీదికి వెళ్ళాయి.

"నీకు తెలుసు. నీ పెరట్లో ఆరేసుకున్నాను గనక తెలుసు."

"అప్పా, నేను ఆణ్ణి ఎక్కిరించినాను గానీ..."

"ఆడు నవ్వినాడంట గదా. నేను సంతలో కూకోలేక వచ్చినాను. ఎవుల్ని ఎక్కిరించినట్టు?"

ఆయన వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నారు. చిన్నప్పుడు అలా కూర్చునేవారేమో. వదిన ఆయన తల మీద చెయ్యి వేసింది.

"ఏడవకు. నాకో మంచి కోక కట్టు. ఆ రాయి మీద. మరేటీ అడగను."

అంతే ఆమె అడిగింది. ఆ తర్వాత ఆయన బతుకంతా ఆ ఒక్క కోక కోసమే గడిచింది.

పటానికి గిరాకీ వచ్చింది. పక్క ఊళ్ళ వర్తకులు తమకూ కావాలన్నారు. దసరాకు మళ్ళీ అచ్చు వేయాలని ఉమాపతి గారు చెప్పారు. అదే సమయం అనుకుని, ఆ ఆడమనిషి కోక మారుస్తానని మా ఆయన అడిగారు. చిరుగు గీకేసి, నిండు కోక, మంచి అంచు వేస్తానన్నారు.

"మతి పోయిందేటిరా?" అన్నారు షావుకారు. "మంచి కోక కట్టుకున్న మనిషికి నేను బట్ట ఇవ్వడమేటి? సిరుగు లేకపోతే నా దానమెక్కడిది?"

"బాబుగారూ, అది మా అప్ప."

"మరీ మంచిది. మీ అప్ప నా పటంలో లచ్చీదేవి పక్కనున్నాది. పో, పని సూసుకో."

మర్నాడు మధ్యాహ్నం నేను అన్నం కారియరు పట్టుకుని ప్రెస్సుకు వెళ్ళాను. షావుకారు భోజనానికి వెళ్ళారు. ఆయన ఒక్కరే రాయి ముందున్నారు. ఇసుక పోశారు, నీళ్ళు పోశారు, పైరాయి పెట్టి తిప్పుతున్నారు. మధ్యలో ఆపి, చేత్తో బురద తోసి చూశారు. లక్ష్మీదేవి పోయింది, షావుకారు పోయాడు. వదిన మొహం ఇంకా లీలగా ఉంది.

"మొకం ఒక్కటీ ఉంచీనా లచ్చనా?"

నేను జవాబు చెప్పకముందే ఆయనకు తెలిసిపోయింది. రాయి షావుకారుది. మొహం ఉంటే, దాని కింద ఇంకెవరి చేతైనా చిరుగు గీయిస్తాడు. మళ్ళీ ఇసుక పోశారు. కూర్మయ్య తాత తలుపు దగ్గర నిలబడి చూశాడు, అడ్డం చెప్పలేదు. సాయంత్రానికి మా ఆయన పని పోయింది.

మేమిద్దరం కళింగపట్నం వెళ్ళాం. వదిన జ్వరంతో చాప మీద ఉంది. చీపురుపల్లి నుంచి వచ్చాక మళ్ళీ గంప ఎత్తలేదని చుట్టుపక్కలవాళ్ళు చెప్పారు. పైన గోనెపట్టా కప్పుకుని ఉంది. తమ్ముణ్ణి చూసి లేవబోయింది.

"కట్టినావా?"

"రాయి అరగదీసేసినాను అప్పా. మరి అచ్చు పడదు."

వదిన మళ్ళీ చాప మీదికి వాలింది.

"సెరిపేసినావు గానీ కట్టనేదన్నమాట."

ఆయన జారిన గోనెపట్టా పైకి లాగి కప్పారు.

"పోనీలేరా. దూరం నించొచ్చినావు. ఏటైనా తిన్నావా?"

ఆ మాటే ఆమె తమ్ముడితో మాట్లాడిన ఆఖరి మంచిమాట. తర్వాతివన్నీ జ్వరం మాటలు. పోయినప్పుడు పీనుగు మీద కప్పే గుడ్డకు కూడా కంట్రోలు ఆఫీసు కాగితం ఉండాలన్నారు. కాగితం తెచ్చేవరకు ఆగే ఎండ కాదు. పాత తెరచాప కోసి కప్పారు. నా పెళ్ళికోక తెచ్చి ఉంటే కప్పేదాన్ని. అది విజయనగరంలో పెట్టెలో ఉంది.

తర్వాత మా ఆయన దుకాణాల బోర్డులు రాసి, బళ్ళకు రంగులు వేసి నెట్టుకొచ్చారు. సాయంత్రాలు బొగ్గు ముక్క పట్టుకుని వదినను గీసేవారు. నేల మీద, గోడ మీద, పలక మీద. మంచి కోకతో గీద్దామనేది ఆయన కోరిక. కోక బాగా వచ్చేది. కుచ్చిళ్ళు, అంచు, పైట అన్నీ. మొహం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. "అతుకుతో ఏత్తే అప్ప వచ్చేత్తాది లచ్చనా. నిండు కోక కడితే ఎవులోలాగున్నాది," అనేవారు. చెరిపేవారు. దగ్గు పట్టుకుంది. మంచం మీద ఉండి కూడా ఎడమచేత్తో దుప్పటి మీద వేలితో గీసేవారు. గీత పడని చోట ఏం గీస్తున్నారో నాకు తెలుసు. అలాగే పోయారు.

ఈ శ్రావణం ముందు ఉమాపతి గారి భార్య బుజ్జమ్మ గారు ఇళ్ళు దులిపించుకుంటున్నారని తెలిసి, పని ఏమైనా ఇస్తారేమోనని వెళ్ళాను. పనికన్నా ముందు మనసులో ఉన్నది వేరు. కొంగున చిన్న గుడ్డముక్క ముడివేసుకుని వెళ్ళాను.

దేవుడి పటాలన్నీ దించి వసారాలో పెట్టారు. లోపల దేవుడి గదిలో ఉంటే మాలాంటివాళ్ళకు కనిపించవు. వసారాలో ఉన్నాయి గనక ఆ ఉగాది పటం కనిపించింది. షావుకార్ల ఇళ్ళలో పటాల్లో దేవతలకు బట్టలు కట్టడం అలవాటు. జరీ ముక్కలు, చమ్కీలు కత్తిరించి మైదా జిగురుతో అంటిస్తారు. ఆ పటంలో లక్ష్మీదేవికి జరీ చీర, చమ్కీల నగలు. ఉమాపతి గారి పైపంచెకు పట్టు ముక్క. వదినకు మాత్రం ఏమీ లేదు. ఆ చిరుగు, ఆ అతుకు, అలాగే ఉన్నాయి.

"నువ్వు ఎల్లాజీ పెళ్ళానివి గదూ?" అన్నారు బుజ్జమ్మ గారు. "పాపం, పోయాడట గదా. ఏటి కావాల?"

"ఆ పటమమ్మా."

"లచ్చీదేవి పటం. ఇంట్లోంచి ఇచ్చేత్తే లచ్చి ఎళ్ళిపోద్దంటారు."

"ఇవ్వకండమ్మా. మీ జిగురు కాస్త ఇప్పించండి చాలు."

ఆమె వింతగా చూసి గిన్నె జరిపారు. నేను కొంగు ముడి విప్పాను. నా పెళ్ళికోక చెంగు నుంచి కోసిన ముక్క, ఎర్రది, పచ్చ అంచుతో. సన్నగా కుచ్చిళ్ళు పెట్టాను. వదిన ఎలా కట్టుకునేదో అలా. జిగురు రాసి అతుకు మీద నుంచి పాదాల దాకా అంటించి, వేలితో నొక్కి పట్టుకున్నాను. మొహం వంక చూశాను. వదినే. ఎవరో కాదు. నిండు కోకలో కూడా వదినే.

బుజ్జమ్మ గారు వంగి చూశారు.

"బాగానే ఉన్నాది గానీ, ఇదేటే ఇలగైపోనాది? ఇప్పుడు మా ఆయనే ఆవిడ కాడ గుడ్డ పుచ్చుకుంతన్నట్టున్నాది!" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఉండనీలే. ఆయన సూసినా పోల్చుకోలేరు."

పటాలు లోపలికి తీసుకువెళ్ళిపోయారు. నేను వసారా మెట్టు దగ్గరే ఆగాను. గుమ్మంలోంచి ఎర్రటి రంగు కాస్త కనిపించి మాయమైంది. మా ఇంటి గోడ మీది యానాం కాగితంలో ఆ చాకలామె ఇంకా బురదలోనే నిలబడి ఉంది. ఆమెకూ ఒక తమ్ముడు ఉండే ఉంటాడు.

వీధిలోకి వచ్చి గబగబా నడిచాను. వెళ్ళి చెప్పాలి, కట్టేశాను మావా, మొకం మారలేదు అని. ఇంటి మలుపు దగ్గర గుర్తొచ్చి, మెల్లగా నడిచాను.